ఆ ‘ప్లస్ సి’కి ఆధారం ఏమిటి? కాలిక్యులస్‌ను సొంతంగా చదువుకున్న ఒకరి కేస్ స్టడీ

ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ, తర్వాత ఇంజినీరింగ్, ఆపైన పదేళ్లకు పైగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అంత దూరం వెళ్లినవాళ్లు మళ్లీ గణితం పుస్తకం తెరవడం ఈమధ్య తరచుగా చూస్తున్నాను. కొందరికి మెషీన్ లెర్నింగ్ పత్రాల్లోని గణితం అర్థం కావాలి. కొందరు ఐఐటీ జామ్ రాసి ఎమ్మెస్సీలో చేరాలనుకుంటారు. ఏ కారణమూ లేకుండా వచ్చేవాళ్లూ ఉంటారు, నిజానికి వాళ్లే ఎక్కువ కాలం నిలుస్తారు. డిగ్రీ విద్యార్థులకు పాఠాలు చెబుతూ, తీరిక వేళల్లో ఇలాంటివారికి చదువు ప్రణాళిక వేసి ఇస్తుంటాను. అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: లెక్కలు చేసే కాలిక్యులస్‌ను మళ్లీ మొదటి నుంచి చదవాలా, నేరుగా నిరూపణల కాలిక్యులస్‌తోనే మొదలుపెట్టాలా?

ఈ కేసు ఆ ప్రశ్నతో వచ్చిన ఒకరిది. ఆమె అనుమతితోనే, పేరు లేకుండా రాస్తున్నాను. హైదరాబాదులో ఒక సంస్థలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, ఇంట్లో ఇద్దరు పిల్లలు. చదువుకు దొరికేది తెల్లవారుజామున ఒక గంట, ఆదివారం మధ్యాహ్నం. లక్ష్యం మాత్రం స్పష్టంగా ఉంది: మెజర్ థియరీ (సమితుల పరిమాణాన్ని కొలిచే సిద్ధాంతం) మీద నిలబెట్టిన సంభావ్యతా సిద్ధాంతాన్ని పుస్తకం పట్టుకుని స్వయంగా చదవగలగాలి.

నా దగ్గరికి వచ్చేనాటికే ఆమె రెండు దారుల్లోనూ కొంత దూరం నడిచి ఉన్నారు. అమెరికా కళాశాలల్లో వాడే లావుపాటి కాలిక్యులస్ పుస్తకంలో సమాకలన (ఇంటిగ్రేషన్) పద్ధతుల దాకా అభ్యాసాలన్నీ చేసేశారు. ఆ నోటు పుస్తకాలు చూస్తే ముచ్చటేసింది, కొట్టివేతలే లేవు. రెండోది మైకేల్ స్పివాక్ ‘కాలిక్యులస్’. అందులో అవకలజం (డెరివేటివ్) కనిపించాలంటే తొమ్మిదో అధ్యాయం దాకా ఆగాలి. ముందంతా సంఖ్యల ధర్మాలు, ప్రమేయాలు (ఫంక్షన్లు), అవధులు (లిమిట్లు), అవిచ్ఛిన్నత (కంటిన్యుటీ). ఆమె ఐదో అధ్యాయంలో, అవధుల దగ్గర ఆగిపోయారు. "మొదటిది చేస్తుంటే కొత్తగా ఏమీ నేర్చుకోవడం లేదనిపిస్తోంది సార్, రెండోది చేస్తుంటే నాకసలు గణితమే రాదనిపిస్తోంది" అన్నారు. సమస్యను ఇంత క్లుప్తంగా చెప్పినవాళ్లను నేను చూడలేదు.

ప్రణాళిక వేసే ముందు ఎవరికైనా నాలుగు ప్రశ్నలు ఇస్తాను. చెయ్యి ఎక్కడ ఆగుతుందో చూడడానికి.

మొదటిది, ‘ఈ’ ఘాతం ఎక్స్‌ను సైన్ ఎక్స్‌తో గుణించి సమాకలనం చేయమని. ఆమెకు అది మంచినీళ్ల ప్రాయం. విభాగ సమాకలనం రెండుసార్లు చేసి, ఎడమ పక్కకు తెచ్చి, రెండుతో భాగించి, చివర ప్లస్ సి, అంటే ఏదో ఒక స్థిరరాశి, పెట్టి ఇచ్చేశారు.

రెండోది, 1/ఎక్స్² ప్రమేయాన్ని −1 నుంచి 1 దాకా సమాకలనం చేయడం. −1/ఎక్స్ అని రాసి, హద్దులు వేసి, −2 అని తేల్చారు. గ్రాఫు గీయమన్నాను. గీశారు. గీత మొత్తం ఎక్స్ అక్షానికి పైనే ఉంది. వైశాల్యం రుణాత్మకం ఎలా అయిందో కాసేపు అర్థం కాలేదు. సున్నా దగ్గర ప్రమేయం అంతులేకుండా పైకి పోతోందని, కలనగణిత (కాలిక్యులస్) మూల సిద్ధాంతం అక్కడ వర్తించదని చెప్పాక, "పరీక్షలో ఇలాంటిది ఎప్పుడూ ఇవ్వలేదు" అన్నారు. నిజమే, ఇవ్వరు.

మూడోది ఇంకాస్త చిక్కుది. ఎక్స్² సైన్(1/ఎక్స్), సున్నా వద్ద విలువ సున్నా. సున్నా వద్ద దీనికి అవకలజం ఉందా? ఆమె లబ్ధ సూత్రం ప్రయోగించి 2ఎక్స్ సైన్(1/ఎక్స్) − కాస్(1/ఎక్స్) అని తెచ్చారు. ఎక్స్ సున్నాకు చేరేకొద్దీ రెండో పదం −1కీ 1కీ మధ్య ఊగుతూనే ఉంటుంది, కాబట్టి అవకలజం లేదన్నారు. నిర్వచనం ప్రకారం వెళ్తే, సున్నా నుంచి హెచ్ దూరం జరిగినప్పుడు చూడాల్సింది హెచ్ సైన్(1/హెచ్). దాని పరమ మూల్యం |హెచ్|ను దాటదు, కాబట్టి అవధి సున్నా. అంటే అవకలజం ఉంది, దాని విలువ సున్నా. ఆమె కట్టిన లెక్క తప్పు కాదు. అది చెప్పే సంగతి వేరు: సున్నా వద్ద అవకలజం ఉన్నా, ఆ అవకలజ ప్రమేయం అక్కడ అవిచ్ఛిన్నం కాదు.

నాలుగోది ఒక వాక్యమే. ప్రతి బిందువు దగ్గరా అవకలజం సున్నా అయితే ఆ ప్రమేయం స్థిర ప్రమేయమేనా, ఎందుకు? "స్థిరరాశి అవకలజం సున్నా కదా సార్." అది తిరగేసిన మాట అమ్మా, నేనడిగింది దానికి విపర్యయం అన్నాను. చాలాసేపు ఆలోచించి, "వేరే ఇంకేమి ఉంటుంది మరి?" అన్నారు.

కేసు మొత్తం ఈ నాలుగో ప్రశ్న చుట్టూనే తిరిగింది.

ఆమె లోటు ఎక్కడిదో తెలియాలంటే ఇంటర్మీడియట్ గణితం తయారు చేసే చెయ్యి ఎలాంటిదో చూడాలి. ఆమె చదివిన రోజుల్లో పేపర్ 1బీలో అవధులు, అవకలనం, వాటి అనువర్తనాలు. 2బీలో సమాకలనం, నిశ్చిత సమాకలనులు, అవకలన సమీకరణాలు. పదిహేడు, పద్దెనిమిదేళ్ల వయసుకు ఇది తక్కువ సరుకేమీ కాదు. ఆ వెంటనే ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్): మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో 80 గణితం. ప్రశ్నకు నిమిషం చిల్లర. ఆ వేగంలో ‘ఎందుకు’ అని ఆగినవాడికి ర్యాంకు రాదు. రోల్ సిద్ధాంతం, లెగ్రాంజ్ మధ్యమ మూల్య సిద్ధాంతం పాఠ్యపుస్తకంలో ఉన్నాయి. పరీక్షలో వాటి మీద వచ్చే ప్రశ్న మాత్రం ‘ఫలానా ప్రమేయానికి సరిచూడండి’ అన్న రకం. షరతులు రాసి, అవకలజాన్ని రోల్ అయితే సున్నాకు, లెగ్రాంజ్ అయితే సగటు వాలుకు సమానం చేసి, ఆ బిందువు ఎక్కడుందో కనుక్కుంటే సరి. సిద్ధాంతం ఎందుకు నిజమో, అదొకటి లేకపోతే మిగతా పుస్తకంలో ఏది కూలుతుందో ఎవరూ అడగరు. ఈ శిక్షణను చులకన చేసేవాళ్లతో నాకు పేచీ ఉంది. పాక్షిక భిన్నాలు, త్రికోణమితి ప్రతిక్షేపణలు కళ్లు మూసుకుని చేయగలగడం చిన్న ఆస్తి కాదు. అమెరికా పుస్తకంలో ఆమె చేసిన వందలాది అభ్యాసాలు ఆ ఆస్తినే మళ్లీ లెక్కపెట్టుకోవడం.

నా అంచనా ఇది. ఆమెకు కొరవడింది తర్కం కాదు. ఏళ్ల తరబడి సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టిన మనిషి, ‘ప్రతి’కీ ‘ఏదో ఒక’కీ తేడా నాకన్నా వేగంగా పసిగడతారు. కొరవడింది అసమానతలతో పనిచేసే అలవాటు. లెక్కల కాలిక్యులస్ పొడవునా సమాన గుర్తే నడుస్తుంది. ఒక పంక్తి నుంచి మరో పంక్తికి ఏమీ పోకుండా, ఏమీ చేరకుండా వెళ్లాలి. నిరూపణల కాలిక్యులస్‌లో పంక్తి నుంచి పంక్తికి కొంత వదులుకుంటూ వెళ్తారు: ఇది దానికన్నా తక్కువ, అది మరో దానికన్నా తక్కువ, ఆ చివరిది మనకు కావలసినంత చిన్నది. ఎంత వదులుకోవచ్చో, ఎక్కడ వదులుకుంటే పని చెడుతుందో తెలియడమే ఇందులో పనితనం. ఆ చెయ్యి తిరగనివాళ్లు అవధి నిర్వచనంలో ఎప్సిలాన్ (ఎంత లోపం ఒప్పుకుంటామో చెప్పే గుర్తు) కనిపించగానే తమకు బుర్ర లేదనుకుంటారు.

ఈ అంచనా వల్ల రెండు ప్రత్యామ్నాయాలు పక్కకు పోయాయి. మొదటిది, లెక్కల పుస్తకాన్ని పూర్తి చేశాకే నిరూపణలకు వెళ్లడం. అలా చేస్తే మరో ఏడాది సమాన గుర్తుతోనే గడుస్తుంది. రెండోది, చాలామంది సూచించే ‘నిరూపణల పరిచయం’ పుస్తకం: సత్య పట్టికలు, సమితులు, సరిసంఖ్యల వర్గం సరిసంఖ్యే అని చూపే అభ్యాసాలు. ఆ దారి కొందరికి పనికొస్తుంది. ఈమెకు అది తెలిసిన విద్యే, పైగా అవధుల దగ్గర ఎదురైన ఇబ్బందిని అది ముట్టుకోదు. అధ్యాయాల వరసను కూడా పాటించవద్దన్నాను. నాలుగో ప్రశ్నను పట్టుకుని వెనక్కి వెళ్లడం, దారిలో ఏది అవసరమైతే అది నేర్చుకోవడం. పుస్తకం స్పివాక్‌దే, నడక మాత్రం మాది.

వెనక్కి బయలుదేరే ముందు అవధుల దగ్గర పడిన ముడి విప్పాలి. ఆమె నోటు పుస్తకంలోని ఆఖరి పేజీ నుంచే మొదలుపెట్టాం. ఎక్స్ రెండుకు చేరినప్పుడు ఎక్స్² నాలుగుకు చేరుతుందని చూపాలి. అంటే ఎక్స్² నాలుగుకు ఎప్సిలాన్ దూరం లోపు రావాలంటే ఎక్స్ రెండుకు ఎంత దూరం లోపు ఉంటే చాలో చెప్పాలి, ఆ దూరమే డెల్టా. ఆమె రాసింది ఇలా ఉంది: |ఎక్స్² − 4| = |ఎక్స్ − 2| × |ఎక్స్ + 2|. ఇది ఎప్సిలాన్ కన్నా తక్కువ కావాలి, కాబట్టి డెల్టా = ఎప్సిలాన్ / |ఎక్స్ + 2|. ఎప్సిలాన్ నేర్చుకునే వారిలో చాలామంది మొదటిసారి రాసేది ఇదే. సమీకరణాన్ని సాధించినట్టు సాధించేశారు: తెలియని రాశిని ఒక పక్కకు తెచ్చి, మిగతాదంతా రెండో పక్కకు నెట్టారు. కానీ డెల్టా ముందు నిర్ణయమవుతుంది, ఎక్స్ ఆ తర్వాత వస్తుంది. ఇంకా రాని ఎక్స్ మీద డెల్టా ఆధారపడకూడదు.

"మరి ఆ |ఎక్స్ + 2|ను ఏం చేయాలి?" అని అడిగారు.

"దాని విలువ ఎంత అని అడగకండి. ఎంత లోపు ఉంటుంది అని అడగండి."

ఎక్స్, 2కు ఒక యూనిట్ దూరం లోపే ఉందనుకుంటే అది 1కీ 3కీ మధ్య ఉంటుంది, |ఎక్స్ + 2| అయిదు లోపు ఉంటుంది. అప్పుడు మొత్తం లబ్ధం 5|ఎక్స్ − 2| లోపే. డెల్టాగా 1, ఎప్సిలాన్/5లలో చిన్నదాన్ని తీసుకుంటే పని అయిపోయింది. అయిదుకు బదులు యాభై తీసుకున్నా నిరూపణ చెల్లుతుంది. ఆ మాట ఆమెను కలవరపెట్టింది. జవాబు ఒకటే ఉండాలి కదా! సరైన డెల్టాలు లెక్కలేనన్ని, మనకు కావాల్సింది ఒక్కటి. ఇది ఒంటబట్టడానికి వారాలు పట్టింది. ఆ వారాల్లో కొత్త సిద్ధాంతం ఒక్కటి కూడా చేయలేదు, అంతా ‘ఎంత లోపు’ అభ్యాసమే: భిన్నాలు, వర్గమూలాలు, త్రిభుజ అసమానత, హారం మరీ చిన్నది కాకుండా కింది నుంచి ఆపడం.

ఇక్కడ లెక్కల కాలిక్యులస్‌ను తిరిగి లోపలికి తెచ్చాను, వేరే ద్వారం నుంచి. కాలిక్యులేటర్ ముట్టకుండా సైన్ 0.1 విలువ చెప్పమన్నాను, కోణం రేడియన్లలో. టేలర్ విస్తరణలో రెండు పదాలు తీసుకుంటే 0.1 − 0.001/6, అంటే 0.0998333 దాకా వస్తుంది. అంతటితో వదలకుండా, లోపం ఎంత లోపు ఉందో కూడా రాయాలి. తర్వాతి పదం 0.00001/120. కాబట్టి లోపం కోటిలో ఒక వంతుకన్నా తక్కువ. ఇది లెక్కా, నిరూపణా? రెండూ. హామీతో కూడిన లెక్క. ఈ రకం అభ్యాసాలు రుచించాక ఎప్సిలాన్ ఆమెకు మొదటిసారి అక్కరకొచ్చే వస్తువుగా కనిపించింది: అవతలివాడు ఎంత కచ్చితత్వం కోరాడో అది ఎప్సిలాన్, దానికి నేను ఇచ్చే హామీ డెల్టా. ఉద్యోగంలో ఆమె రోజూ చూసేది అదే.

తర్వాత వెనక్కి నడక. సమాకలనం చేసిన ప్రతిసారీ ప్లస్ సి పెడతాం, మరిచిపోతే మార్కు పోతుంది. ఒకే అవకలజం ఉన్న రెండు ప్రమేయాల మధ్య తేడా స్థిరరాశి మాత్రమే అన్న నమ్మకంతో పెడతాం. ఆ తేడా ప్రమేయం అవకలజం అంతటా సున్నా. అంటే ప్లస్ సి నిలబడాలంటే నాలుగో ప్రశ్నకు జవాబు కావాలి. జవాబు మధ్యమ మూల్య సిద్ధాంతంలో ఉంది: రెండు బిందువుల దగ్గర విలువలు వేరైతే, మధ్యలో ఎక్కడో అవకలజం సున్నా కాకుండా ఉండాలి. అది రోల్ సిద్ధాంతం (రెండు కొనల దగ్గరా విలువలు సమానమైతే మధ్యలో ఎక్కడో అవకలజం సున్నా అవుతుంది) మీద ఆధారపడింది. రోల్‌కు కావాల్సింది, సంవృత అంతరంలో (రెండు కొనలూ కలిసిన అంతరంలో) అవిచ్ఛిన్న ప్రమేయం తన గరిష్ఠ విలువను నిజంగా అందుకుంటుందన్న సంగతి. స్పివాక్ ఏడో అధ్యాయంలో ‘మూడు కఠిన సిద్ధాంతాలు’ అని పేర్చి వాటి ఫలితాలను ముందు వాడుకుంటాడు, నిరూపణలను ఎనిమిదో అధ్యాయానికి వాయిదా వేస్తాడు. వాటిలో ఇదొకటి. దాని అడుగున ఉన్నది వాస్తవ సంఖ్యల సంపూర్ణత: ఎగువ హద్దు ఉన్న ప్రతి శూన్యేతర సమితికీ ఎగువ హద్దుల్లో కనిష్ఠమైనది ఒకటి ఉంటుంది.

ఇంత లోతుకు నిజంగా దిగాలా అని ఆమె అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబుగా ఒక ప్రమేయం రాసి ఇచ్చాను. ధన అకరణీయ సంఖ్యల (పూర్ణాంకాల భిన్నాలుగా రాయగలవాటి) మీదే పని చేస్తాం. ఎక్స్² రెండుకన్నా తక్కువైతే విలువ 0, ఎక్కువైతే విలువ 1. వర్గం సరిగ్గా రెండయ్యే అకరణీయ సంఖ్య లేదు, కాబట్టి ఏ బిందువూ మిగిలిపోదు. ప్రతి బిందువు చుట్టూ కాస్త దూరం వరకు ప్రమేయం కదలదు, కాబట్టి అవకలజం ప్రతిచోటా సున్నా. అయినా అది స్థిర ప్రమేయం కాదు, సున్నా నుంచి ఒకటికి దూకింది. దూకిన చోట అకరణీయ సంఖ్యల్లో ఖాళీ ఉంది.

"అయితే ప్లస్ సి తప్పా?" అన్నారు.

"అకరణీయ సంఖ్యల మీద తప్పే."

ఆ వారం ఆమె పంపిన సందేశంలో ఒకే ఒక్క సంగతి ఉంది. 1/ఎక్స్ సమాకలని లాగ్|ఎక్స్| + సి అని ఇంటర్మీడియట్ నుంచి రాస్తున్నాం కదా, ఎక్స్ ధనాత్మకమైన వైపు 1, రుణాత్మకమైన వైపు 5 కలిపినా అవకలజం 1/ఎక్స్‌గానే ఉంటుంది, మరి ఒకే సి ఎలా సరిపోతుంది? సరిపోదు. సున్నా దగ్గర అక్షం తెగి ఉంది, ఒక్కో ముక్కకు ఒక్కో స్థిరరాశి కావాలి. ఆమెకు ఈ సంగతి నేను చెప్పలేదు. ప్రణాళిక పట్టాలెక్కిందని నాకు నమ్మకం కుదిరింది అప్పుడే.

చరిత్రలో ఇదే చోట ఇరుకున పడిన ఉపాధ్యాయుడు ఒకడున్నాడు. రిచర్డ్ డెడెకిండ్ 1858లో జూరిక్ పాలిటెక్నిక్‌లో మొదటిసారి అవకలన గణితం పాఠాలు చెప్పాల్సి వచ్చింది. పైకి హద్దు ఉండి నిరంతరం పెరిగే రాశి ఒక అవధికి చేరుతుందని చెప్పే చోట బొమ్మ చూపించి సరిపెట్టాల్సి రావడం అతనికి నచ్చలేదు. ఆ ఏడాది నవంబరు 24న తనకు సమాధానం దొరికిందని తానే రాసుకున్నాడు. దాన్ని అచ్చు వేసింది 1872లో. న్యూటన్, లైబ్నిట్జ్ తర్వాత నూరేళ్లకు పైగా గణితజ్ఞులు లెక్కలు కడుతూనే ఉన్నారు, అద్భుతంగా కట్టారు, అడుగున సంఖ్యా రేఖను ఎవరూ బిగించకుండానే. లెక్కలు ముందు, పునాది తర్వాత అన్నది బద్ధకం కాదనడానికి ఇది చాలు. ఆమెకు ఇందులో ఇంకో ఊరట కూడా ఉంది: ఐదో అధ్యాయంలో ఆగిపోవడం సిగ్గుపడాల్సిన విషయం కాదు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. మధ్యలో కొంతకాలం ఆమె నిరూపణలను బట్టీ పట్టడం మొదలుపెట్టారు. ఇంటర్‌లో ఏడు మార్కుల ప్రశ్నలకు సిద్ధమైన పద్ధతి అది, చెయ్యి పాత దారినే పట్టింది. ‘సంవృత అంతరంలో అవిచ్ఛిన్న ప్రమేయానికి ఎగువ హద్దు ఉంటుంది’ అన్న నిరూపణను అచ్చు గుద్దినట్టు రాసి ఇచ్చారు. చదివి తప్పు పట్టలేని నిరూపణ. అందుకే మరో ప్రశ్న వేశాను: అంతరాన్ని 0 నుంచి 1 దాకా, కొనలు లేకుండా మార్చి, ప్రమేయంగా 1/ఎక్స్ తీసుకుని మీ నిరూపణను పంక్తి పంక్తిగా నడిపించండి, ఏ పంక్తిలో ఆగుతుందో చెప్పండి. సమాధానం రెండు ఆదివారాల తర్వాత వచ్చింది. ఎడమ కొన నుంచి ఎంత దూరం వరకు ప్రమేయానికి హద్దు ఉందో ఆ బిందువుల సమితిని తీసుకుని దాని కనిష్ఠ ఎగువ హద్దు దగ్గరకు వెళ్లడం నిరూపణ పద్ధతి. ఎడమ కొన అంతరంలో లేకపోతే ఆ సమితిలో ఒక్క బిందువూ ఉండదు. శూన్య సమితికి సంపూర్ణత ఏమీ హామీ ఇవ్వదు. మొదటి పంక్తిలోనే, ‘ఎడమ కొన ఈ సమితిలో ఉంది’ అని ఆమె యథాలాపంగా రాసిన చోటే, అంతా ఆగిపోయింది.

ఒంటరిగా చదివేవాళ్లకు నేనిచ్చే పనిముట్లలో దీనికి సాటి వచ్చేది లేదు. లెక్కల పుస్తకంలో జవాబు వెనక పేజీలో ఉంటుంది, చూసుకోవచ్చు. నిరూపణకు అలాంటి పేజీ లేదు. ఉన్నా మీ నిరూపణ దానిలా ఉండదు, తేడా వస్తే ఎవరిది తప్పో తెలియదు. షరతు ఒకటి తీసేసి, సిద్ధాంతం ఎక్కడ అబద్ధమవుతుందో తెలిసిన ఉదాహరణను సొంత నిరూపణలో తోయాలి. నిరూపణ ఎక్కడా ఆగకుండా చివరిదాకా పోయిందంటే అందులో ఎక్కడో తప్పు ఉన్నట్టే, ఎందుకంటే అది అబద్ధాన్ని నిరూపించింది. రాసిన నిరూపణను వెంటనే సరిచూడవద్దని కూడా చెప్పాను. రెండు, మూడు రోజులు పక్కన పెట్టి చదివితే ‘స్పష్టంగా’ అన్న మాట రాసిన ప్రతిచోటా ఒక రంధ్రం కనిపిస్తుంది.

నష్టమూ ఉంది. సమాకలనంలో ఆమె వేగం బాగా తగ్గింది. పాక్షిక భిన్నాల లెక్క ఒకటి చేయడానికి తడబడి, తనకు ఉన్న విద్య కూడా పోతోందేమోనని భయపడ్డారు. నేను దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆ విద్య అవకలన సమీకరణాల దగ్గర అవసరమైనప్పుడు వారంలో తిరిగి వస్తుంది. జామ్ రాయాలనుకునేవారికైతే ఈ ఉదాసీనత కుదరదు. అందులో 60 ప్రశ్నలకు మూడు గంటలే, వేగం ఉండాలి. వాళ్లకు వారంలో ఒకరోజు గడియారం పెట్టుకుని లెక్కలు చేయమని చెబుతాను. లక్ష్యాన్ని బట్టే ఈ నిష్పత్తి. ఇంటర్‌లో గణితమే లేకుండా వచ్చినవారికి నేనిచ్చే సలహా దీనికి పూర్తిగా తలకిందులు: ముందు లెక్కల కాలిక్యులస్ కడుపునిండా చేయాలి. చేతిలో ప్రమేయాలు ఆడకపోతే ఏ సిద్ధాంతం దేని గురించి మాట్లాడుతుందో తెలియదు. అప్పుడు ప్రత్యుదాహరణలు కూడా రుచించవు.

ఇప్పుడు ఆమె ప్రమేయాల అనుక్రమాల దగ్గర ఉన్నారు. అవిచ్ఛిన్న ప్రమేయాల అభిసరణ శ్రేణి మొత్తం కూడా అవిచ్ఛిన్నమేనని గణితజ్ఞుడు కోషీ 1821లో నిరూపించినట్టు రాశాడు. 1826లో మరో గణితజ్ఞుడు ఆబెల్ దానికి మినహాయింపులున్నాయని ఒక సైన్ల శ్రేణి చూపించాడు. కోషీ నిరూపణను ఆమెకు ఇచ్చి, ఆబెల్ శ్రేణిని అందులో తోయమన్నాను, ఏ పంక్తిలో ఆగాలో చెప్పకుండా. పని జరుగుతోంది.

బహుళ చరరాశుల కాలిక్యులస్ ఎలా చదవాలని పోయిన ఆదివారం అడిగారు. ఇప్పటి పద్ధతే కొనసాగుతుందని ఆమె అనుకున్నారు. అక్కడ ముందు లెక్కలే చేయమన్నాను. పాక్షిక అవకలజాలు, ద్విసమాకలనులు బీటెక్ మొదటి సంవత్సరంలో పరీక్ష ముందు చదివి వదిలేసినవే తప్ప ఆమె చేతిలో లేవు. ఒక ప్రాంతాన్ని గీసి సమాకలన క్రమం మార్చడం, గ్రేడియెంట్ ఏ దిశలో ఉందో గ్రాఫు మీద చూపించడం, జాకోబియన్‌తో వైశాల్యం ఎంత సాగిందో కొలవడం, ఇవి కొన్ని నెలలు చేయాలి. ఈసారి అమెరికా పుస్తకం రెండో సగం ముందు, నిరూపణలు తర్వాత. ఆ పుస్తకాన్ని ఎవరికో ఇచ్చేశారట, తిరిగి అడగాలంటున్నారు.